మబ్బు పట్టిన చోటే

వాన కబురు చెప్పే కంప్యూటర్ ఎప్పుడూ మొదటినుంచి మొదలుపెట్టదు. దాని దగ్గర కొన్ని గంటల కిందటి తన అంచనా ఒకటి ఉంటుంది. ఎదురుగా తాజా కొలతలు: పొద్దున అయిదున్నర వేళకి విశాఖ, మచిలీపట్నం, హైదరాబాద్‌లలో ఎగరేసే బెలూన్లు, రాడార్లు, ఓడలు, విమానాలు, ఉపగ్రహాలు. అంచనాలోనూ తప్పుంటుంది, కొలతలోనూ ఉంటుంది. సంబంధం ఖాయం చేసుకునేముందు నలుగురినీ వాకబు చేసి, ఎవరి మాటని ఎంత తగ్గించి వినాలో మన పెద్దవాళ్లు లెక్కేసుకున్నట్టే ఈ పనీను. డేటా అసిమిలేషన్ అంటారు.

ఇది సరిగా కుదరకపోతే ఏమవుతుందో శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ 1922లో అచ్చువేసిన వాతావరణపు చేతిలెక్క చూపించింది. ఆరు గంటల్లో గాలి పీడనం 145 మిల్లీబార్లు పెరుగుతుందని తేలింది. నిజానికి ఆయన లెక్కకట్టిన రోజున పీడనం దాదాపు కదల్లేదు. అసలు చిక్కు సమీకరణాల్లో లేదు, ఒకదానితో ఒకటి పొసగని కొలతలతో లెక్క మొదలవడంలో ఉంది.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది మబ్బుల సంగతి. మబ్బు అడ్డొచ్చిన ఉపగ్రహ కొలతల్ని ఏళ్ల తరబడి చాలామటుకు పక్కన పడేశారు. వాన ఉన్నచోటి కబురే అక్కర్లేకపోయిందన్నమాట! కారణం లేకపోలేదు. కంప్యూటర్ మోడల్ ఎండ కాస్తోందనుకున్న చోట ఉపగ్రహానికి వాన కనిపిస్తే, లెక్కకి దారి దొరకదు. తేమ కొంచెం పెంచితే వాన సున్నా, ఇంకొంచెం పెంచినా సున్నాయే.

ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఉన్న యూరోపియన్ వాతావరణ కేంద్రం 2009 నుంచి మబ్బూ వానా ఉన్న మైక్రోవేవ్ కొలతల్ని కూడా నేరుగా లెక్కలోకి తీసుకుంటోంది. మోడల్‌లో గానీ కొలతలో గానీ మబ్బుంటే నమ్మకాన్ని ఆ మేరకు తగ్గిస్తారు, అంతేగానీ పారెయ్యరు. 12 గంటల కొలతల్ని కలిపి చూస్తారు గనక, తేమ, మబ్బు ఎటు జరిగాయో దాన్నిబట్టి అక్కడి గాలి కూడా దిద్దుకుంటుంది. మబ్బుని చూసి గాలిని పట్టుకోవడం! ఈ చమత్కారం నాకు మహా ఇష్టం. 2011 అక్టోబరులో మన శ్రీహరికోట నుంచి ఎగిరిన భారత్-ఫ్రాన్స్ ఉపగ్రహం మేఘా-ట్రాపిక్స్ తేమ కొలతలు కూడా అక్కడ ఇలాగే పనికొచ్చాయి.

తుఫాన్ల దాకా బాగానే ఉంది. ఎండాకాలం సాయంత్రం గంటలో పుట్టి గంటలో పోయే ఉరుముల మబ్బు మాత్రం ఇంకా సరిగా లొంగలేదు. దాని విషయంలో నేను మోడల్ కన్నా నిమిషాల కిందటి రాడార్ బొమ్మనే ఎక్కువ నమ్ముతాను.