చందమామ ధారావాహికలలో అద్భుతము - సాహసము

బాలసాహిత్యమును గూర్చి ప్రసంగించునపుడు మన విమర్శకులు గేయమునకును, నీతికథకును ఇచ్చిన గౌరవమును అద్భుత సాహస కథకు ఇచ్చియుండలేదు. తొమ్మిది మొదలు పదమూడేండ్ల ప్రాయమువారు ఎవరి ప్రోద్బలమును లేక తమంతట తాము వెదకికొని చదువునది ఈ కథనే. దానినే పెద్దలు కాలక్షేపమని త్రోసిపుచ్చిరి. ఈ ఉపేక్షకు గుఱియైన రచనలలో, చందమామ మాసపత్రికలో దాసరి సుబ్రహ్మణ్యముగారు వ్రాసిన ధారావాహికలు ముఖ్యములు. వానియందలి అద్భుతము ఎట్టిది, అది బాలపాఠకునకు ఏమి యొసగుచున్నది అను ప్రశ్నలను పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

నాగిరెడ్డి, చక్రపాణిగారల పూనికతో చందమామ 1947 జూలైలో మద్రాసునుండి వెలువడినది. 1952 మొదలు 1980లో మరణించువఱకు కొడవటిగంటి కుటుంబరావుగారు దాని సంపాదకభారమును వహించిరి. దాసరివారి తొలి ధారావాహిక ‘తోకచుక్క’ 1954లో ఆరంభమైనది. ఆ తరువాత రెండు దశాబ్దములకు పైగా ‘మకరదేవత’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’, ‘భల్లూక మాంత్రికుడు’ మొదలగునవి వెలువడినవి. వీనికి రచయిత పేరు అచ్చుపడలేదు. బొమ్మ క్రింద ‘చిత్రా’ అను సంతకమును గుర్తించిన పిల్లలు, ఆ బొమ్మకు ఆధారమైన వాక్యమును వ్రాసినవాని పేరు ఎఱుగరు. కర్త తెలియని కృతిని విమర్శ పట్టించుకొనకపోవుట వింత గాదు. కాని కర్త తెలిసిన పిమ్మటను ఉపేక్ష కొనసాగుటకు సమాధానము లేదు.

ఈ కథలకు పూర్వరంగము కలదు. మధిర సుబ్బన్న దీక్షితులవారి ‘కాశీమజిలీ కథలు’ అద్భుతమునకు పెన్నిధి. మణిసిద్ధుడు గోపబాలునకు మజిలీ మజిలీకి చెప్పు ఆ కథలలో శాపములు, వరములు, జన్మాంతర సంబంధములు కథను నడపుచుండును. అవి ప్రౌఢపాఠకులకు ఉద్దిష్టములు. శృంగారము వానిలో పుష్కలము. ఆ కథాసంప్రదాయమునుండియే 1951లో నాగిరెడ్డి, చక్రపాణిగారల విజయా సంస్థ ‘పాతాళభైరవి’ చలనచిత్రమును నిర్మించినది. అందు నాయకుడు రాజపుత్రుడు గాడు, తోటమాలి కొడుకు. మహామాంత్రికునెదుట అతనికి గల బలము తెలివియు, అంజివంటి చెలికాని తోడును. అద్భుతకథ సామాన్యుని చేతికి వచ్చుచున్నదనుటకు ఇది యొక సూచన. దాసరివారి రచన ఈ మార్గముననే ముందునకు సాగినది.

ఆలంకారికుల పరిభాషలో అద్భుతమునకు స్థాయి విస్మయము, వీరమునకు ఉత్సాహము. ప్రాచీన కథలలో తఱచు విస్మయమే ప్రధానము; నాయకుడు ఆశ్చర్యములు తనపై వచ్చిపడగా వానికి పాత్రుడగుచుండును. ఈ ధారావాహికలలో ఉత్సాహము అంగియై, అద్భుతము దానికి అంగమైనది. ‘తోకచుక్క’లోని సమరసేనుడు సేనాని, మంత్రవేత్త గాడు. చతుర్నేత్రుడు, ఏకాక్షి యను మాంత్రికులిరువురి వైరము నడుమ అతడు తన దారిని వెదకికొనవలసియున్నది. ఒకని శక్తిని మఱొకని శక్తి అడ్డుకొనుచుండుటచే మంత్రము సర్వసాధకమను భావమే పాఠకునకు కలుగదు. అద్భుతమునకు హద్దు గీచినపుడే సాహసమునకు చోటు దొరకును. మంత్రముచేత సాధ్యము గానిది లేదన్నచో నాయకుడు చేయవలసినదియు ఏమియు ఉండదు గదా!

ఈ రచయిత కల్పనలో మఱియొక విశేషము జంటనాయకులు. ‘పాతాళదుర్గం’లో ధూమకుడు, సోమకుడు, ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరి, ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు, ‘మాయాసరోవరం’లో జయశీలుడు, సిద్ధసాధకుడు. వీరిలో ఖడ్గవర్మ, జీవదత్తుల పేర్లు కథాసరిత్సాగరమందలి బేతాళకథ నొకదానిని స్ఫురింపజేయుచున్నవి. ఉజ్జయినీ రాజపుత్రియగు అనంగరతిని కోరివచ్చిన నలుగురిలో ఖడ్గధరుడను క్షత్రియుడును, జీవదత్తుడను బ్రాహ్మణుడును కలరు. ఎవడు తగినవాడని బేతాళుడు ప్రశ్నింపగా, రాజు ఖడ్గధరునే నిర్ణయించును. ఆ నిర్ణయమునకు వర్ణమే ప్రమాణము. అచట ఇరువురును పోటీదారులు, ఒకడు గెలువగా తక్కినవారు ఓడినట్లే. ధారావాహికలో ఖడ్గవర్మయు జీవదత్తుడును సహచరులు. ఒకని కత్తియు మఱొకని విద్యయు కలసిననే గాని పని నెఱవేఱదు. ‘వీరిలో ఎవడు గొప్ప’ అను ప్రశ్న ‘వీరిరువురు కలసి ఏమి చేయగలరు’ అను ప్రశ్నగా మాఱినది. ఇంటి రక్షణ దాటి చెలికాండ్రతో లోకమును ఎఱుగనారంభించు ప్రాయమున, బాలుడు ఈ రెండవ ప్రశ్నకు సహజముగా స్పందించును. ఈ కథల ఆకర్షణకు మూలము మాయలోకన్న ఈ మైత్రియందే ఉన్నదని నా అభిప్రాయము.

నిర్మాణవిషయమున మాసపత్రిక విధించిన నియమములను గమనింపవలెను. ప్రతి భాగమునకు ముందు జరిగిన కథ కొద్ది వాక్యములలో ఉండును. చివర ఒక ఆపద మూతివిప్పుచుండగా భాగము ముగియును. నెల దినముల నిరీక్షణలో ‘తరువాత ఏమి?’ అని బాలుడు ఊహించుచు, తన ఊహను తోడివారి ఊహతో పోల్చుచు, తానును కథకుడగుచుండును. ఈ గుణమే పుస్తకరూపమున దోషముగా మాఱుచున్నది. ఒక ఆపద తీరుట మఱొక ఆపద వచ్చుటకే యన్నట్లు కథ సాగుటచే, ఏకబిగిని చదువువారికి ఘట్టములు ఒకదానినొకటి పోలినట్లు తోచును. ముగింపు బరువు చాలక తేలిపోవును. భాష మాత్రము ఎచటను తొట్రుపడదు. చిన్న వాక్యములు, పనిని ముందునకు నడపు సంభాషణలు, వర్ణన కొఱకు వర్ణన లేకపోవుట - ఇవి ఆ పత్రిక బాలవచనమునకు ఏర్పఱచిన మేలిబంతులు.

మంత్రతంత్రముల కథలు మూఢవిశ్వాసములను పెంచునను ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది గాదు. కాని ఇట్టి కథలకు సంపాదకుడైన కుటుంబరావుగారు హేతువాదిగా ప్రసిద్ధులు. కథలో మంత్రము ఉన్నదా లేదా యనుట కాదు, కథ దేనిని గెలిపించినదనుట పరిశీలింపవలసిన విషయము. మంత్రము దురాశకు సాధనమై, ధైర్యము, స్నేహము, సమయస్ఫూర్తి దానిని ఎదిరించినపుడు బాలుని మనస్సున నిలుచునది మంత్రముపై భక్తి గాదు, దాని భయమునుండి విముక్తి.

అట్లని ఈ రచనలను నిర్దుష్టములని చెప్పరాదు. సాహసము దాదాపు పురుషులకే పరిమితమైనది. రాజకుమార్తె తఱచు అపహరింపబడుటకును, విడిపింపబడుటకును మాత్రమే కథలోనికి వచ్చును. చదువరులలో బాలికలు ఎందఱో ఉండగా వారికి తమ ప్రతిబింబము ఈ అడవులలో కానరాదు. వనవాసులను వింతవేషములతో, క్రూరాచారములతో చిత్రించు అలవాటును ఉన్నది. శబర యువకుడైన శిఖిముఖిని నాయకునిగా నిలిపిన ‘శిథిలాలయం’ దీనికి ఒక మేలైన అపవాదము. ఆ దారిని ఇంకను దూరము పోవుటకు వీలుండెను.

దాసరి సుబ్రహ్మణ్యముగారు 2010లో దివంగతులైరి. ధారావాహికలు పుస్తకములుగా లభ్యమగుచున్నవి గనుక పరిశోధనకు ఆధారము లేదనుటకు వీలులేదు. పత్రికా ప్రతులను, పుస్తక పాఠములను సరిపోల్చుట, కథాసరిత్సాగరాదులనుండి గ్రహించిన అంశములను నిర్ణయించుట, బొమ్మకును వాక్యమునకును గల పొందికను వివరించుట - ఇవి చేయవలసిన పనులు. మన విద్యార్థులలో పెక్కుమందికి ప్రబంధము చేతికి అందుటకు ముందే చదువుపై ఆసక్తిని కలిగించినది ఇట్టి కథయే. ఆ తొలిమెట్టును లెక్కింపక సాహిత్యచరిత్రను వ్రాసినచో, పాఠకుడు ఎట్లు పాఠకుడయ్యెనో చెప్పకయే విడిచిన వారమగుదుము.