గుంతకు చోటు నేలనడిగి చూడాలి

హైదరాబాద్‌లో ఇల్లు కట్టేటప్పుడు కారుకు, సంపుకు, సెప్టిక్ ట్యాంకుకు పోగా మిగిలిన మూలే ఇంకుడు గుంతకు దక్కుతుంది. అసలు తప్పు ఇక్కడే జరుగుతోందని నా అభిప్రాయం. 100 చదరపు మీటర్ల డాబా మీద 5 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 5,000 లీటర్ల నీరు దిగుతుంది. నాలుగడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంతలో పట్టేది 1,800 లీటర్లు. కంకర, ఇసుక నింపాక సందుల్లో మిగిలేది సుమారు 700. మిగతా నాలుగు వేల పైచిలుకు లీటర్లను కింది నేల ఎప్పటికప్పుడు తాగాలి, లేదంటే అవి రోడ్డెక్కుతాయి. ఈ నగరం గ్రానైట్ మీద ఉంది. పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద రాయి. మొరం మందంగా ఉన్నచోట, రాయిలో పగుళ్లున్న చోట నీరు దిగుతుంది. గట్టి రాయి పైకే ఉన్నచోట తొట్టిలో నిలిచినట్టు నిలుస్తుంది. ఒక ఇంట్లో బోరు పడి పక్కింట్లో పడకపోవడానికి కారణమూ ఇదే.

నేల సంగతి తెలుసుకోవడానికి పెద్ద ఖర్చక్కర్లేదు. గుంత ఎంత లోతు అనుకున్నారో అంత లోతుకు చిన్న గొయ్యి తీయండి. నీళ్లు పోసి మట్టిని నాననివ్వండి. మళ్లీ నింపి, గుర్తులు పెట్టిన కర్ర నిలిపి, గంటలో ఎంత దిగిందో చూడండి. పొడి మట్టి మొదట ఆత్రంగా తాగేస్తుంది కాబట్టి రెండోసారి లెక్కే నమ్మాలి. నల్లరేగడిలో ఈ తేడా మరీ ఎక్కువ. తడిసే కొద్దీ ఉబ్బి, దారులు మూసేస్తుంది. సెప్టిక్ ట్యాంకుకు, పునాదికి దూరం పాటించడం ఎలాగూ తప్పదు.

ఇంటింటికీ గుంత అనే నియమమే అమలుకు సులువు, నేలను బట్టి అంటే జనం తప్పించుకుంటారు అని కొందరంటారు. ఆ భయం నిజమే. కానీ ఇంకని గుంత తవ్వి ఫొటో తీసుకోవడమూ తప్పించుకోవడమే కదా! బాధ్యత ఇంటింటిదిగానే ఉండనివ్వండి, నీరు చేరే చోటు మాత్రం మారాలి. రాయి అడ్డొస్తే డాబా నీటిని వడగట్టి సంపులోకి మళ్లించవచ్చు. 150 గజాల స్థలంలో ఎంచుకోవడానికి చోటెక్కడుందనే మాటకూ జవాబుంది. కాలనీ పార్కులో నేల బాగా తాగే చోట అందరి నీటికీ సరిపడేంత గుంత కలిపి తవ్వుకోవచ్చు. అయితే మురుగు, బురద వచ్చి చేరే అట్టడుగు పల్లం మాత్రం వద్దు.

ఇల్లు కట్టబోయేవారు సంపుకూ పార్కింగుకూ ప్లాను గీయించకముందే, ఆ గొయ్యి ఒకటి తీయించి చూడండి.