నటరాజు ముందు మన విద్యార్థి

నా దగ్గర చదువుకుని, ఇప్పుడు స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో పై చదువు చదువుతున్న ఒక యువకుడు అక్కడి సెయింట్ ముంగో మ్యూజియం చూసివచ్చి, ఒక యాత్రావ్యాసం రాసి పంపాడు. అభిప్రాయం చెప్పమన్నాడు. భాషలో తడబాటు లేదు, వర్ణన బాగుంది. కాని చదవడం ముగించాక ఒక అనుమానం మిగిలింది. ఈ రచయిత అక్కడ చూసింది కళనా, దేవుణ్ణా, లేక ఇంటి మీది బెంగనా? మన యాత్రారచనల్లో చాలావాటిని అడగవలసిన ప్రశ్న ఇది. అందుకే ఉత్తరంలో రాయవలసిన జవాబును ఇక్కడ రాస్తున్నాను.

ఆ మ్యూజియాన్ని 1993లో తెరిచారు. నగరంలోని ప్రాచీనమైన పెద్ద చర్చి పక్కనే ఉన్నా, అది ఏ ఒక్క మతానికీ చెందినది కాదు. అందులో మతజీవనాన్ని చూపే విభాగం ఒకటి ఉంది. అక్కడి వస్తువులను మతాల వారీగా కాక, పుట్టుక, యుక్తవయస్సు, పెళ్ళి, చావు అనే బతుకు ఘట్టాల వారీగా అమర్చారు. ఇది సామాన్యమైన ఏర్పాటు కాదు. మతాన్ని దేవుడి వైపు నుంచి కాక మనిషి వైపు నుంచి చూడమనడమే ఇది. ప్రసవభయం, శవం ముందటి దుఃఖం ఏ దేశంలోనైనా ఒకటే. వాటిని తట్టుకోవడానికి మనుషులు చేసుకున్న వస్తువులే వేరు. మనం ఉపన్యాసాలలో చెప్పే మాటను ఆ గది మాట్లాడకుండా చెబుతుంది. మన వ్యాసకర్త దీనికి కేటాయించింది ఒక్క వాక్యం.

నటరాజ విగ్రహానికి మాత్రం నాలుగు పేజీలు! విశ్వలయ, సనాతన ధర్మం, పరాయిగడ్డ మీద పులకింత - అన్నీ ఉన్నాయి. లేనివాడు శిల్పి ఒక్కడే. కంచు నటరాజులను చేసే పద్ధతి దక్షిణాదిలో వందల ఏళ్ళుగా ఉన్నదే. మైనంతో రూపం తీర్చి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. నిప్పు ముందు నిలబడి ఆ పని చేసినవాడి పేరు విగ్రహం మీద ఉండదు. ఇలాంటి కంచు విగ్రహాలు ప్రధానంగా ఊరేగింపు కోసం చేసినవి. గుడిలోకి రానివ్వని వాళ్ళకు దేవుడు కనబడేది వీధిలోకి వచ్చినప్పుడే, అదీ అన్ని వీధుల్లోకీ రాడు. ఆంధ్ర జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రంలో దీనికోసం 1939లో ఒకసారి, 1947లో మరోసారి చట్టాలు చేయవలసి వచ్చింది. గ్లాస్గో మ్యూజియంలోకి టిక్కెట్టు లేదు, కులం అడిగేవాడు లేడు. నటరాజు ముందు ఎవరైనా నిలబడవచ్చు. పులకింత కలగవలసిన విషయం అది కాదా?

‘మతకళ మత్తుమందు, దాని మీద ఇన్ని పేజీలెందుకు?’ అనే మిత్రులు మనలో ఉన్నారు. వారికి ఒక సంఘటన గుర్తు చేస్తాను. మ్యూజియం తెరిచిన 1993లోనే బైబిలు పట్టుకుని వచ్చిన ఒక మతప్రచారాభిమాని ఆ నటరాజును పడదోశాడు. మొక్కేవాడికి అందులో దేవుడే కనిపిస్తాడు, పడదోసినవాడికి పరాయి దేవుడు కనిపించాడు. శ్రమ ఇద్దరికీ కనపడలేదు. ‘వట్టి లోహం’ అని దాటిపోయే నాస్తికుడికి మాత్రం ఏం కనబడింది?

ఈ మాట నాకూ తగులుతుంది. పదేళ్ళ కిందట తరగతిలో శిల్పకళ పాఠం వచ్చినప్పుడు ‘ఇదంతా భూస్వామ్య భావజాలం’ అని ఒక్క ముక్కలో తేల్చి పేజీ తిప్పించాను. ఆ కుర్రాడు ఆ తరగతిలో ఉన్నాడు. అందాన్ని అర్థం చేసుకునే పరికరం మనం ఇవ్వనప్పుడు, అందం ఎదురైన రోజున విద్యార్థి చేతికి దొరికేది భక్తి ఒక్కటే. యాంత్రిక విమర్శ భావవాదాన్ని ఓడించదు, దానికి దారి ఖాళీ చేసి ఇస్తుంది.

ఇక వ్యాసంలో ‘మన సంస్కృతిని పరాయివాళ్ళు ఎంత పదిలంగా కాపాడుతున్నారో!’ అనే వాక్యం ఉంది. ఆ నగరం పొగాకు, చక్కెర వ్యాపారాలతో, బానిసల చెమటతో బలిసిందని అక్కడి నగరపాలక సంస్థే 2022లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో గ్లాస్గో మ్యూజియాలు 7 వస్తువులను భారతదేశానికి తిరిగి అప్పగించే ఒప్పందం చేసుకున్నాయి. వాటిలో ఆరు 19వ శతాబ్దంలో గుళ్ళ నుంచీ పూజాస్థలాల నుంచీ తీసుకుపోయినవి. ఏడవది 1905లో హైదరాబాదు నిజాం సేకరణ నుంచి దొంగిలించి అమ్మిన కత్తి. తెలుగువాడు గ్లాస్గో గురించి రాస్తూ ఈ కత్తిని మరిచిపోతే ఎలా? ‘ఎవరు చేశారు, ఎవరు మోశారు, ఎవరు తెచ్చారు?’ అనే మూడు ప్రశ్నలు ప్రతి గాజుపెట్టె ముందూ వేసుకోవాలి.

వ్యాసంలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు చివర ఉంది. ఆ మ్యూజియం సందర్శకుల చేత అభిప్రాయాలు రాయించి గోడకు తగిలిస్తుంది. మెచ్చినవారూ, మండిపడ్డవారూ అక్కడ పక్కపక్కనే ఉంటారు. మనవాడు ఒక కార్డు తీసుకుని, ఏం రాయాలో తోచక, ఖాళీగానే తిరిగి పెట్టేశాడట. ఈ సంగతి దాచకుండా చెప్పాడు, రచయిత కాగల నిజాయితీ అక్కడుంది. నాయనా, నాలుగు పేజీల పులకింతను తీసెయ్. ఆ కార్డు ఎందుకు ఖాళీగా మిగిలిందో అక్కడ మొదలుపెట్టి వ్యాసం మళ్ళీ రాయి. ఆ ఖాళీలో నా పాఠం వాటా కూడా ఉంది, దాన్నీ వదలకుండా రాయి.