ముందు మీరేం వింటారో చెప్పండి

"మెటల్ విందామనుంది, ఒక్క బ్యాండు పేరు చెప్పండి" అని అడిగేవాళ్లకు నేను వెంటనే పేరు చెప్పను. "ఇన్నాళ్లూ ఏం విన్నారు?" అని ఎదురడుగుతాను. కొందరికి విసుగొస్తుంది. డాక్టరు దగ్గరికొచ్చామా అంటారు. అయినా అడుగుతాను. నాకిష్టమైనదేదో వాళ్ల నెత్తిన రుద్దడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. వాళ్ల చెవి ఇప్పటికే దేనికి అలవాటుపడిందో తెలిస్తే పని సగం అయినట్టే.

అభిమానుల్లో చాలామంది మెట్లు కడతారు. ముందు మెత్తనిది, తర్వాత గట్టిది, చివరికి గొంతు చించుకునేది. ఈ పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. నిమజ్జనం ఊరేగింపులో డీజే పెట్టెల పక్కన నడిచినవాళ్లకు హోరొక లెక్కా? వాళ్లకు అడ్డం పడేది గొంతు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్‌ను పట్టుకుని వినే అలవాటున్నవాళ్లని ఐరన్ మెయిడెన్ దగ్గరికి పంపుతాను. లండన్ బ్యాండు, 1975లో మొదలుపెట్టినవాడు స్టీవ్ హారిస్. అతను వాయించేది బేసే. మిగతా వాద్యాల వెనక నక్కి ఉండదది, వేళ్లతో గుర్రపు దౌడులా ముందు నడుస్తుంది. పైన రెండు గిటార్లు జంటగా రాగం తీస్తాయి. 1984 నాటి 'పవర్‌స్లేవ్' చాలు. అందులో చివరి పాట కోల్‌రిడ్జ్ ముసలి నావికుడి కావ్యానికి పాటరూపం, పదమూడు నిమిషాల పైమాటే. ఇంగ్లీషు లెక్చరర్లకు ఇచ్చి చూడండి, పనిచేస్తుంది.

మృదంగం నేర్చుకున్నవాళ్లు దొరికితే మాత్రం నాకు పండగ. వాళ్లకు మెట్లూ వద్దు, చరిత్రా వద్దు, నేరుగా మెషుగ్గా. స్వీడన్‌లో ఉమియో అనే ఊరివాళ్లు. డ్రమ్మర్ టోమాస్ హాకె ఒక చేత్తో తాళపు చిప్ప మీద నాలుగు లెక్క నిలకడగా వేస్తుంటాడు. అతని కాళ్లూ, ఎనిమిది తీగల గిటార్లూ కలిసి దాని మీద ఇంకేదో బేసి లెక్కలో నడుస్తాయి. ఆ ముక్క తిరిగొచ్చినప్పుడల్లా తాళంలో మరో చోట మొదలవుతుంది. మొదటిసారి వింటే అంతా చెదిరిపోయినట్టు ఉంటుంది. చేత్తో తాళం వేసుకుంటూ వినండి, ఎక్కడ దిగుతారో ముందే తెలిసిపోతుంది. మన విద్వాంసుడు ఖండమో మిశ్రమో లెక్క కుదుర్చుకుని తీర్మానాన్ని సరిగ్గా సమానికి దించుతాడు. వీళ్లు చాలాసార్లు ఆఖరి ముక్కను సగంలో తెంపి దిగిపోతారు. సంగీతం మాస్టార్లకు కోపం తెప్పించే చోటు ఇదే. నాకు ముచ్చటేసే చోటూ ఇదే. 2008లో వచ్చిన 'ఓబ్జెన్' ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు. దాంట్లో బేస్ మాయమై, డ్రమ్ములు టైపు మిషన్ చప్పుడుగా మిగులుతాయి.

నింపాదిగా సాగే పాట ఇష్టపడేవాళ్లుంటారు, విలంబంలో మునిగేవాళ్లు. వాళ్లకు డూమ్ మెటల్. దాని పుట్టుక బర్మింగ్‌హామ్‌లో, బ్లాక్ సబ్బత్ దగ్గర. ఆ బ్యాండు గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పని మానేసే రోజున యంత్రం కింద కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తీగలు నొక్కేది ఆ కుడిచేతితోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అతికించాడు. సన్నటి తీగలు వేశాడు. 1971లో 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'కి వచ్చేసరికి కొన్ని పాటలకు గిటార్‌ను మూడు స్వరస్థానాలు కిందికి దించాడు. తీగ వదులైతే వేలికి సుఖం, చెవికి బరువు. ఆ బరువునే స్వీడన్ బ్యాండు కాండిల్‌మాస్ 1986లో తన మొదటి ఆల్బమ్‌లో ఇంకా సాగదీసింది.

ఇక గొంతు. "అంతా బాగుంది, ఆ గుర్రుమనడం ఎందుకండీ?" అంటారు. నేను వాదించను, ఓపెత్ 'డామ్నేషన్' ఇస్తాను. 2003 నాటిది, అందులో ఒక్క గుర్రూ లేదు. మికాయెల్ ఓకెర్‌ఫెల్ట్ మామూలుగా పాడతాడు, దిగులుగా, అందంగా. అది నచ్చాక అదే మనిషి రెండు గొంతుల్లోనూ పాడిన 2001 నాటి 'బ్లాక్‌వాటర్ పార్క్'. అక్కడ కరుకు గొంతు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పైన ఫ్లోరిడా బ్యాండు డెత్. 2001లో చిన్న వయసులోనే చనిపోయిన చక్ షుల్డినర్ దానికి ప్రాణం. 1995లో వచ్చిన 'సింబాలిక్' వినండి.

త్రాష్ మెటల్ గురించి ఎక్కువ చెప్పను. మెటాలికా పేరు వినని వాళ్లు తక్కువ, 2011లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్ల కచేరీకి మనవాళ్లూ రైళ్లెక్కి వెళ్లారు. స్లేయర్ 'రెయిన్ ఇన్ బ్లడ్' అరగంటైనా ఉండదు, మియాపూర్‌లో మెట్రో ఎక్కితే ఎల్బీనగర్ రాకముందే అయిపోతుంది. నూ మెటల్ సంగతి నన్నెవరూ అడగరు. లింకిన్ పార్క్‌ను ఇంజనీరింగ్ హాస్టళ్లలో అరగదీసేశారు.

బ్లాక్ మెటల్ దగ్గర కొంచెం ఆగుతాను. తొంభైల మొదట్లో నార్వేలో అది వాయించే గుంపులో కొందరు చర్చిలు తగలబెట్టారు, హత్యలూ చేశారు. అది దాచిపెట్టి పేర్లు అప్పజెప్పడం నాకు చేతకాదు. చెప్పాకా వినాలనుకునేవాళ్లకు ఎన్‌స్లేవ్డ్‌ను సూచిస్తాను, పాత నార్స్ పురాణగాథల మీద వాళ్లకు పట్టుంది.

తీన్‌మార్‌కు కాళ్లు ఆడించేవాళ్లకు బ్రెజిల్ బ్యాండు సెపల్టురా 1996లో తెచ్చిన 'రూట్స్'. షవాంతె అనే ఆదివాసుల దగ్గరికే వెళ్లి వాళ్లతో కలిసి అందులో కొంత రికార్డు చేశారు. ఢోలు కావాలంటే ఢిల్లీ బ్లడీవుడ్. ఇంటి సరుకు అడిగితే హైదరాబాద్ మూలాలున్న డెత్ మెటల్ బ్యాండు గాడ్‌లెస్. అలాంటివాళ్ల కచేరీ దగ్గర్లో ఉంటే రికార్డింగుల కంటే ముందు అక్కడికే వెళ్లమంటాను. మెడికల్ షాపులో చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు దొరుకుతాయి, కొని జేబులో వేసుకోండి. డ్రమ్ముల ముందు నిలబడకండి, మిక్సింగ్ బల్ల పక్కన నిలబడితే అన్ని వాద్యాలూ విడివిడిగా వినిపిస్తాయి.