జాలి నీళ్లు

ఆరేళ్ల కిందట, మే నెల మొదటి వారంలో, మధ్యాహ్నం రెండింటికి తలకు తువ్వాలు చుట్టుకుని మిద్దెక్కాను. సొరపాదు ఆకులన్నీ పిండి ఆరేసిన గుడ్డల్లా వేలాడుతున్నాయి. మనసాగలేదు. పైపు తిప్పాను. పైన నల్ల ట్యాంకు, గచ్చు మీద పొద్దున్నుంచీ కాగుతున్న పైపు. మొదట వచ్చిన నీళ్లకు చెయ్యి చుర్రుమంది. చల్లబడేదాకా ఆగే ఓపిక లేక అలాగే పోసేశాను. సాయంత్రానికి ఆకులు నిటారుగా లేచాయి. నా వైద్యం పనిచేసిందనుకున్నాను. పక్కనున్న బీరపాదుకు నేను చుక్క కూడా పోయలేదని, అదీ అంతే చక్కగా లేచిందని అప్పుడు గమనించనేలేదు.

ఆ వేసవిలో ముప్పై రెండు గ్రో బ్యాగుల్లో పంతొమ్మిది ఖాళీ అయ్యాయి. హైదరాబాద్‌లో ఉప్పల్ ఎండ, అందులోనూ గచ్చు మీది ఎండ, ఇంకేం బతుకుతాయి అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకున్నాను. జూన్‌లో సంచులు బోర్లించినప్పుడు అసలు సంగతి తెలిసింది. అడుగు మట్టి ముద్దగా ఉంది. వేళ్లు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పైతొక్క ఊడి చేతికొస్తోంది. ఎండకు చచ్చినవి నాలుగో ఐదో. మిగతావి నా జాలికి చచ్చాయి.

మా అమ్మ పల్నాటి మనిషి. పెరట్లో పందిళ్లు వేసి కూరగాయలు పండించిన చెయ్యి. నేను మధ్యాహ్నం పూట బకెట్టు పట్టుకుని మెట్లెక్కడం చూసి, "ఒరేయ్, ఎండెక్కితే నువ్వు నీడకు పోతావు. దానికి కాళ్లున్నాయా? ఆకులు వాల్చుకుంటుంది. పొద్దున్నే పోయి చూడు, అప్పుడూ వాలి ఉంటే పొయ్యి" అంది. వేసవి తోటపని మీద నేను విన్నవాటిలో ఇంతకు మించిన పాఠం లేదు. మధ్యాహ్నం ఆకుల్లోంచి ఆవిరై పోయే నీళ్లంత వేగంగా వేళ్లు తోడి అందించలేవు. మట్టి తడిగా ఉన్నా అంతే. అందుకని ఆకు వాలుతుంది. వాలిన ఆకు మీద ఎండ తక్కువ పడుతుంది, సాయంత్రానికి లెక్క సరిపోతుంది. ఈలోపు మనం వెళ్లి తడి మట్టిలోనే ఇంకో బకెట్టు కుమ్మరిస్తే మట్టిలో గాలికి చోటుండదు. వేడి నీళ్లలో ప్రాణవాయువు అసలే తక్కువ. ఊపిరాడని వేళ్లను కుళ్లు పట్టుకుంటుంది. కుళ్లిన వేళ్లు నీళ్లు తోడలేవు గనక మొక్క మళ్లీ వాడుతుంది. మనం మళ్లీ పోస్తాం.

ఇప్పుడు నా పరికరం చూపుడువేలు. రెండు కణుపుల లోతుకు మట్టిలో దించుతాను. తడి తగిలితే బకెట్టుతో సహా వెనక్కి దిగుతాను. మొదట్లో ఈ వెనక్కి దిగడమే చాలా కష్టంగా ఉండేది.

వార్తల్లో చెప్పే 42 డిగ్రీలకూ మన మిద్దెకూ సంబంధం చాలా దూరం. బేగంపేటలో వాతావరణ శాఖవాళ్లు కొలిచేది నీడలోని గాలి వేడి. తెల్లరంగు వేసిన, గాలి ఆడే చెక్కపెట్టెలో, నేలకు మనిషి ఛాతీ ఎత్తున పెట్టిన థర్మామీటరు చెప్పే అంకె అది. గచ్చు మీద, ఎదురెండలో, నల్ల సంచిలో కూర్చున్న వంగమొక్కకు ఆ అంకెతో పనిలేదు. చెప్పుల్లేకుండా మిద్దె మీద నాలుగడుగులు వేసినవాడికి ఈ తేడా అరికాలే చెబుతుంది. ఆ జూన్‌లో బోర్లించిన సంచుల్లో ఇంకోటి కూడా చూశాను. పడమటి ఎండ తగిలే వైపు మట్టిలో తెల్లవేరు ఒక్కటీ లేదు. వేళ్లన్నీ తూర్పువైపుకే పాకాయి. అప్పటినుంచి సంచులను ఇటుకల మీదకెక్కించి, ఒకదానికొకటి ఆనేలా జరిపి, పడమటి వరసకు గోనెపట్టాలు కడుతున్నాను. పైన మట్టి కనపడకుండా ఎండుటాకులో కొబ్బరిపీచో పరుస్తాను. చూడ్డానికి తోట గోడౌన్‌లా ఉందని మా అబ్బాయి వెక్కిరింత.

ఎండ ఎటు నుంచి వస్తుందో కూడా నాకు ఆలస్యంగానే తెలిసింది. చలికాలమంతా మెట్లగదికి ఉత్తరాన నీడే. కొత్తిమీర, పుదీనా తొట్లను అక్కడే పెట్టి, వేసవిలోనూ అదే చల్లచోటని వదిలేసేవాణ్ని. కానీ మే 9 ప్రాంతంలో హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మధ్యాహ్నం పన్నెండుంబావు వేళ నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. అప్పటినుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరానే. పొద్దు పొడవడం ఈశాన్యం వైపు, కుంకడం వాయవ్యం వైపు. చలికాలమంతా ఎండ ఎరగని గోడకు పొద్దునా సాయంత్రం రెండుసార్లూ ఎండ కొడుతుంది. పుదీనా మాడిపోతుంటే నేను తెగులనుకున్నాను. తొట్టిని నాలుగడుగులు దక్షిణానికి జరిపితే తేరుకుంది.

టమాటా సంగతి వేరు. దానికి నీడపరదా కట్టినా, చెమ్మ కోసం తొట్లో మట్టికుండ పాతినా, కాళ్లు పట్టుకున్నా లాభం లేదు. చెట్టు పచ్చగా ఉంటుంది, పూస్తుంది, పూలు కాడతో సహా రాలిపోతాయి. పగటి వేడి 35 దాటి, రాత్రి కూడా 25 కిందికి దిగకపోతే పుప్పొడి గొడ్డుపోతుంది. ఆ చెరుపు కూడా పువ్వు విచ్చుకున్న రోజున జరిగేది కాదు, వారం పది రోజుల ముందే మొగ్గలోనే జరిగిపోతుంది. అంటే ఈ రోజు రాలిన పువ్వు పోయిన వారం ఎండకు బలైంది. ఇవాళ మబ్బు పట్టిందని సంబరపడితే ఏం లాభం? పైగా గచ్చు పగలంతా మింగిన వేడిని రాత్రంతా వదులుతూనే ఉంటుంది. ముందే పట్టిన కాయలు సైతం ఈ వేడికి నిండు ఎరుపు తిరగవు. ఎర్రరంగునిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటాక సరిగా తయారుకాదు, పసుపు కలిసిన నారింజ దగ్గరే ఆగిపోతాయి. చెట్టునే ముగ్గబెడదామని వారాలు ఎదురుచూశాను. దోర రంగు రాగానే కోసి వంటింట్లో బుట్టలో వేసుంటే ఎర్రబడేవి.

మరి వేసవిలో మనం తినే టమాటా ఎక్కడిది? చాలామటుకు మదనపల్లె వైపుది. ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. పగలు ఎంత కాసినా రాత్రికి కాస్త చల్లబడుతుంది. ఆ చల్లదనమే లారీలెక్కి మన రైతుబజారుకు వస్తోంది. ఉప్పల్‌లో మేలో కిలో టమాటా కోసం నేను ఖర్చుపెట్టిన నీళ్లు, నెట్టు, వేపపిండి లెక్కవేస్తే బజారు ధరకు దండం పెట్టాలనిపిస్తుంది. ఇప్పుడు ఏప్రిల్ ఆఖరుకల్లా టమాటా చెట్లు పీకేస్తాను. పీకేరోజు చెయ్యి రాదు, అది వేరే విషయం.

తీగజాతికి ఇంకో పేచీ. వేడి, పగటి పొడుగు పెరిగినకొద్దీ సొర, బీర, కాకరకు మగపూలు విపరీతంగా పూస్తాయి, ఆడపూలు తగ్గుతాయి. వంద పూలకు ఒక పిందె లేదని ఏడ్చేవాళ్లు నన్ను చూసి ఊరడిల్లాలి. ఆడపువ్వు వచ్చినా తేనెటీగ రావద్దూ? సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, దోస పొద్దున. కాబట్టి సాయంత్రం ఆరున్నరకు మగపువ్వు తుంచి, రేకులు తీసి, ఆడపువ్వు మీద అద్దే పౌరోహిత్యం నాదే. కరెంటు పోయినప్పుడు సెల్‌ఫోను వెలుగులో చేసిన పెళ్లిళ్లు కూడా ఉన్నాయి.

బెండ, గోరుచిక్కుడు, గోంగూర, తోటకూర ఎండకు జంకవు. వాటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అవి మనల్ని పట్టించుకోవు. అయితే బెండకు తెల్లదోమ వచ్చిందంటే వెనకే పల్లాకు తెగులు వస్తుంది. ఈనెలు పసుపుపచ్చబడిన మొక్కకు మందు లేదు, పీకడమే. చిక్కుడు ఆకు అడుగున సన్నని గూళ్లు కట్టే ఎర్రనల్లి పొడి వేడికి వారంలోనే తరం మారుస్తుంది. తెల్లవారుజామున ఆకు అడుగుకు నీళ్లు గట్టిగా కొడితే చాలావరకు పోతుంది. ఒకసారి నేను పట్టుదల కొద్దీ పట్టపగలు వేపనూనె కొట్టాను. నల్లి పోయింది. దాంతోపాటు ఆకులూ మాడిపోయాయి.

ఇక నీళ్లు. మేలో మా బోరు సన్నబడుతుంది. ట్యాంకరు తెప్పించిన రోజు మిద్దె మీదకు పైపు లాగితే కింది వాటాలవాళ్ల చూపులు ముళ్లలా తగులుతాయి. వాళ్ల తప్పేమీ లేదు. తాగడానికి కొన్న నీళ్లను కాకరపాదుకు పోయడం నాకూ మింగుడుపడదు. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు అమ్మ బకెట్టుకు పడుతుంది. వాటర్ ఫిల్టర్ వదిలేసే నీళ్లు మాత్రం అందరూ మంచివంటారు గానీ నేను పోయను. మన బోరు నీళ్లలోని ఉప్పంతా అందులోనే చిక్కబడి ఉంటుంది. రెండు నెలలు పోస్తే మట్టి మీద తెల్లని పొరకట్టి ఆకు అంచులు మాడాయి. అదే ఉప్పు మట్టికుండ కన్నాలను కూడా మూసేస్తుంది. పాత రంజన్ కుండ నీళ్లను చల్లబరచడం మానేసినట్టే, నేను తొట్లో పాతిన చిన్న కుండ రెండో వేసవికి చెమ్మ వదలడం మానేసింది.

ఆ తర్వాత రోహిణి కార్తె వస్తుంది. రోళ్లు పగిలే ఆ పదిహేను రోజులూ నేను కొత్త విత్తనం పెట్టను, ఎరువు వెయ్యను, కొమ్మ కత్తిరించను. మిద్దె మీద సగం చోటు ఎలాగూ అమ్మ వడియాలకూ చల్లమిరపకాయలకూ పోతుంది. కాకులు పిందెలు వదిలి వడియాల మీద వాలడం ఒక లాభం.

మొన్న టమాటాలు పీకేసిన సంచులు ఎండుటాకులు కప్పి వదిలేశాను, నీళ్లు కూడా పోయలేదు. వారం తిరిగేసరికి రెండింట్లో ఏదో ఎర్రకాడల మొక్క నేలకు కరుచుకుని దిట్టంగా పాకుతోంది. కలుపు అనుకుని పీకుతుంటే పక్క మిద్దె మీద బట్టలారేస్తున్న ఆవిడ పిట్టగోడ దగ్గరికొచ్చి, "అయ్యో అన్నా, గంగవాయిలి కూర అది! పీకి పారేస్తున్నరా? మామిడికాయేసి పప్పు చేస్కోండ్రి" అంది. కిందికి తెచ్చి చూపిస్తే అమ్మ, "పాయలాకు కదరా, మా ఊళ్లో గట్ల మీద ఎంత ఉండేదో" అని ఆకులు గిల్లడం మొదలెట్టింది.

ఈ ఆకుకు ఒక విద్య ఉంది. తోటకూర, జొన్నల్లా ఇదీ వేడికి అలవాటుపడిన జాతి. అది చాలదన్నట్టు, నీళ్లు బొత్తిగా లేనప్పుడు బ్రహ్మజెముడు దారి పడుతుంది. పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి, లోపలికి తీసుకున్న గాలిని పులుపుగా మార్చి దాచుకుంటుంది. తెల్లారాక ఆ పులుపును ఎండలో ఖర్చుపెట్టుకుంటుంది. అందుకే నీళ్లు ఎరగని పాయలాకు పొద్దున కోస్తే పుల్లగా, సాయంత్రం కోస్తే చప్పగా ఉంటుంది.

అమ్మకు ఈ రంధ్రాల కథంతా చెప్పాను. సగం విని, "అయితే రేపు ఎండ రాకముందే కోసుకురా. ఒక మామిడికాయ తగ్గించి వేస్తాను" అంది.