గోళీల గొలుసుకు బిగువు ఎక్కడిది?

అయిదు మిల్లీమీటర్ల నియోడిమియం అయస్కాంత గోళీలను వరసగా చేరిస్తే గొలుసు అవుతుంది. వేలితో వంచి వదిలితే తీగలాగా మళ్లీ సాగి నిలుస్తుంది. జిగురు లేదు, కీలు లేదు. గోళీకీ గోళీకీ తాకిడి ఒక్క బిందువు దగ్గరే. ఉక్కు స్ప్రింగును వంచితే లోహమే సాగుతుంది. ఇక్కడ ఏ గోళీ ఆకారమూ మారదు. వంచినప్పుడు పక్కపక్క గోళీల ధ్రువాలు ఒకే గీత మీద నుంచి తప్పుకుంటాయి. మళ్లీ ఆ గీత మీదికి రావాలన్న లాగుడే మన వేలికి బిగువుగా తెలుస్తుంది.

ఆక్స్‌ఫర్డ్ గణితవేత్తలు డొమినిక్ వెల్లా, అలైన్ గోరియెలీ తమ సహచరులతో కలిసి 2014లో ఈ బిగువుకు లెక్క కట్టారు. గొలుసును నిలువుగా పట్టుకుంటే కొంత ఎత్తు దాకా నిలబడుతుంది, ఆపైన తన బరువుకే ఒరిగిపోతుంది. చేత్తో రోజూ చూసే విషయానికి సమీకరణం దొరకడం నాకు పండగే.

నన్ను ఇంకా ఆశ్చర్యపరిచేది తెగే బలం. గొలుసు ఎంత పొడవున్నా, నడిమికి లాగి తెంపడానికి రెండు గోళీలను విడదీసే బలం కన్నా మహా అయితే సుమారు 20 శాతమే ఎక్కువ కావాలి. దూరం రెట్టింపైతే ఆకర్షణ పదహారో వంతుకు పడిపోతుంది మరి. దూరపు గోళీల సాయం నామమాత్రం. భారమంతా పక్కవాడిదే.

అందుకే నా దృష్టిలో, ఈ గోళీలతో ఆకారాలు అల్లే పనిలో నేర్చుకోవలసింది పక్కపక్క గోళీల ధ్రువాల దిక్కు. రెండు వరసలు ఒకే దిక్కుగా ఉంటే, ఒకదాని గోళీలు రెండోదాని సందుల్లో కూర్చుంటాయి. ఎదురుబొదురు దిక్కులైతే గోళీకి గోళీ సరిగ్గా పక్కన నిలుస్తుంది. మొదటిదాంతో తేనెపట్టు అల్లిక, రెండోదాంతో చదరపు గళ్లు. కంటికి ధ్రువం కనబడదు, వేళ్లే పసిగట్టాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇవి వద్దే వద్దు. రెండు గోళీలు మింగితే పేగుల గోడలను నడుమ ఇరికించి ఒకదాన్నొకటి లాక్కుని రంధ్రాలు చేస్తాయి, ఆపరేషన్ దాకా పోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టం గొట్టం చుట్టడం. మొదటి రెండు చుట్లు వేస్తే చాలు, మిగిలిన గొలుసు తనంతట తానే చకచకా చుట్టుకుపోతుంది. చుట్లన్నీ ఒకే దిక్కు, ప్రతి గోళీ కింది చుట్టులోని సందులో ఒదుగుతుంది. నిలువునా పట్టుకుంటే ఒరిగిపోయిన ఆ గొలుసే ఇప్పుడు గొట్టమై, బల్ల మీద నిటారుగా నిలబడి పైన పెట్టిన బరువునూ మోస్తుంది.