గాయము మానిన పిమ్మట

కాలిన గాయము మానినదని డాక్టరు చెప్పిన దినమున రోగి యింటివారి ముఖములు వికసించును. మ్రొక్కులు తలచుకొందురు, ఆటో పిలుచుకొని వత్తురు, వార్డులోని నర్సులకు పేరుపేరున నమస్కరించి సెలవు పుచ్చుకొందురు. ప్రాణము దక్కినది, పుండు పూడినది, ఇక కావలసిన దేమున్నదని వారి భావము. కాలిన గాయముల వార్డులో చిరకాలముగా ఫిజియోథెరపిస్టుగా పనిచేయుచున్న నాకు మాత్రము, ఆ సంతోషములో పాలుపంచుకొనునప్పుడెల్ల, మనస్సున ఒక శంక మెదలుచుండును. రోగి తన చేతితో తాను జడ వేసికొనుటకును, తల యెత్తి మేడమీది మనిషిని పలుకరించుటకును, నోరు చాలినంత తెరచి అన్నము ముద్ద పెట్టుకొనుటకును శక్తి కలుగు వరకు సాగవలసిన చికిత్స యింకను మిగిలియే యున్నది. ఎక్కువమంది రోగులు ఆ మిగిలిన భాగమును ఆస్పత్రి వాకిటనే విడిచి పోవుచున్నారు. ఈ వారము దానిని గురించియే వ్రాయదలచితిని.

పైపొర మాత్రమే కాలిన చర్మము కొద్ది దినములలో జాడ లేకుండ మానును. లోతుగా కాలి, మూడు వారములు దాటినను మానక నిలిచిన గాయములందే మచ్చ యుబ్బి గట్టిపడు ప్రమాదము మెండు. ఆరోగ్యవంతమైన చర్మమున కొల్లాజెను పోగులు బుట్ట యల్లికవలె అడ్డముగను నిలువుగను అల్లుకొని యుండుటచే, ఎటు లాగినను అది సాగి మరల స్వస్థితికి వచ్చును. మచ్చలో ఆ పోగులు ఒకే దిక్కునకు ఒత్తుగా పేరుకొనును. దీనికి తోడు, 1971లో జూలియో గబ్బియాని మొదలగు శాస్త్రజ్ఞులు వర్ణించిన మయోఫైబ్రోబ్లాస్టులను కణములు, కండరమునకు గల సంకోచగుణమును కొంత కలిగియుండి, గాయపు అంచులను దగ్గరకు లాగుచుండును. పుండు పూడుటకు ఆ లాగుడు అవసరమే. పూడిన తరువాతను అది నెలల తరబడి ఆగకుండుటచే గడ్డము రొమ్మునకు దిగును, మోచేయి ముడుచుకొనును, చంకలో చర్మము తెరవలె కట్టి భుజమును లేవనీయదు. మచ్చ పరిపక్వమగుటకు ఒక సంవత్సరము మొదలు రెండు సంవత్సరముల వరకు పట్టును. మన ప్రయత్నమునకు చర్మము లొంగు కాలమును అదియే.

రోగికి సుఖమిచ్చు భంగిమయే వికలతను కలిగించు భంగిమ యనునది మా వృత్తిలో మొదట నేర్చుకొను పాఠము. కావుననే చేర్చుకొన్న మొదటి దినము నుండియు మెడ కాలినవారికి తలగడ ఇయ్యము, చంక కాలినవారి చేతిని దేహమునకు దూరముగా చాపి యుంచుదుము, మోచేయి మడువనీయము. తల్లి ప్రక్కనుండి, "తలకింద ఏదైనా పెట్టండమ్మా, బిడ్డ అల్లాడిపోతున్నాడు" అని బ్రతిమాలునప్పుడు కాదనుట కష్టము. ఎందుకు కాదనుచున్నామో ఆమెకు అర్థమగునట్లు కూర్చుండి చెప్పుటయు చికిత్సలో భాగమేనని నా నమ్మకము; ఇంటికి వెళ్ళిన తరువాత ఆ నియమమును నిలుపవలసినది ఆమెయే కదా.

గాయము మానిన పిమ్మట మేము చేయు పని చూచుటకు సామాన్యముగనే యుండును. కొబ్బరినూనెయో, వాసన లేని మాయిశ్చరైజరో రాసి, బొటనవ్రేలితో మచ్చ తెల్లబారునంత ఒత్తిడి పెట్టి, వ్రేలు చర్మముపై జారకుండ, చర్మమునే క్రింది పొరలపై మెల్లగా చుట్టు త్రిప్పుదుము. క్రొత్త చర్మము పలుచన గనుక రాపిడి తగిలినచో బొబ్బలెక్కును, ఒత్తిడి చాలనిచో ఫలితముండదు. ఈ రెంటి నడుమ నున్న హద్దు పుస్తకమున దొరకదు, రోగి రోగికి వ్రేలు దానిని క్రొత్తగా కనుగొనవలెను. అటుపిమ్మట సాగదీత. కుదుపుతో లాగిన మచ్చ చీలును. మెల్లగా లాగి, తెల్లబారిన చోట నిలిపి, రోగి ఊపిరి కుదుటపడు వరకు వేచి, మరి కొంచెము ముందునకు పోవలెను. చంక పట్టేసినవారిని గోడ కెదురుగా నిలిపి వ్రేళ్ళతో గోడ నెక్కింతుము. రాత్రివేళ మచ్చ మరల ముడుచుకొనకుండ, వేడినీట మెత్తబడు ప్లాస్టిక్ రేకును అవయవమునకు అమరునట్లు వంచి స్ప్లింటుగా కట్టుదుము.

వీటికి తోడు బిగుతైన ప్రెషర్ గార్మెంటు కలదు. దానిని దినమునకు 23 గంటలు, నెలల తరబడి ధరింపవలెనని నియమము. లోతుగా కాలిన చోట స్వేదగ్రంథులు నశించుటచే మచ్చకు చెమట పట్టదు, మిగిలిన దేహమే ఆ భారమును మోయవలెను. బెజవాడ మే నెల యెండలో అట్టివారు ఆ బట్టను విప్పివేసిరని విన్నప్పుడు కోపగించుకొనుటకు నాకు నోరు రాదు. మార్చుకొనుటకు రెండవ జత ఇప్పించుటయు, ఎక్సర్‌సైజులను తెల్లవారుజాము చల్లదనమునకు మార్చుటయు నాకు తోచిన మార్గములు.

ఇక లేజరు సంగతి. సుశ్రుతుడు సూత్రస్థానము పండ్రెండవ అధ్యాయమున, కాలిన గాయములను ప్లుష్టము, దుర్దగ్ధము, సమ్యగ్దగ్ధము, అతిదగ్ధము అని నాలుగు తెగలుగా విభజించెను. అగ్నితో చేయు చికిత్సయగు అగ్నికర్మను సయితము ఆ అధ్యాయముననే వివరించెను. మితముగా ప్రయోగించిన తాపము వైద్యమగునను తలంపు నేడు మరియొక రూపమున మన ముందున్నది. 1960లో థియొడోర్ మైమన్ కెంపు స్ఫటికముతో తొలి లేజరును వెలిగించెను. 1964లో, మహారాష్ట్రములోని బారామతిలో జన్మించిన కుమార్ పటేలు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కార్బన్ డయాక్సైడు లేజరును నిర్మించెను. 10,600 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల ఆ కిరణమును నీరు గ్రహించును. చర్మమున నీరే యధికమగుటచే కిరణము తగిలిన కణజాలము క్షణమాత్రమున ఆవిరియగును. 2004లో రాక్స్ ఆండర్సన్ మొదలగువారు ప్రకటించిన ఫ్రాక్షనల్ పద్ధతి తరువాత ఈ లేజరునకును వర్తించినది: చర్మమునంతను ఒలువక, మచ్చలోనికి సూక్ష్మమైన రంధ్రములను వరుసగా దింపి, వాని నడుమ చర్మమును తాకకుండ విడిచిపెట్టుదురు. ఆ విడిచిన చర్మము నుండియే మాన్పు త్వరగా వచ్చును. గట్టిపడిన కొల్లాజెను కొంత కరగి, క్రొత్తది మునుపటికంటె క్రమముగా ఏర్పడును. మచ్చ యెర్రగా ఉండి దురద పెట్టుచున్నప్పుడు, రక్తములోని హీమోగ్లోబిన్ గ్రహించు 595 నానోమీటర్ల డై లేజరు ఉపకరించును. ఒకటి మొదలు మూడు నెలల యెడముతో పలుమార్లు చేయవలసిన చికిత్స యిది. మన గోధుమవన్నె, చామనచాయ చర్మములు తాపమునకు త్వరగా నల్లబడును గనుక శక్తిని తగ్గించి ప్రయోగింపవలెను, పిదప ఎండ సోకనీయరాదు.

లేజరు చేయించుకొన్నవారు తఱచుగా చేయు పొరపాటు, ఇక వ్యాయామమక్కరలేదని తలచుట. కిరణము మచ్చను మెత్తపరచును, కాని ఆ మెత్తదనమును కదలికగా మార్చునది వ్యాయామమే. లోపల క్రొత్త పోగులు ఏర్పడుచున్న ఆ వారములలో కీలును సాగదీయుచున్నచో అవి ఆ సాగునకు అనుగుణముగా అమరును. చేతిని ప్రక్కకు అదిమి కూర్చున్నచో అవి ఆ ముడుత లోనే గట్టిపడును. వంటింటి మంటలో చంక, మోచేయి కాలిన ఒక ఇల్లాలికి, మసాజు ఆరంభించినంతనే దురద విజృంభించెడిది. "రాత్రంతా గోక్కుంటూనే ఉన్నానమ్మా, కునుకు లేదు. ఇంక లాగొద్దు" అని కంట నీరు పెట్టుకొనెడిది. లేజరు తరువాత దురద తగ్గి, ఆమెకు నిద్ర పట్టినది; నిద్ర పట్టిన తరువాతనే ఆమె చేయి నా మాట వినసాగినది. వంటింటి అటక మీది డబ్బాను తానే దింపితినని ఆమె చెప్పిన నాడు నా కొలతలకంటె ఆ మాటయే నాకు ప్రమాణమైనది.

కొలతలు అక్కరలేదని నా అభిప్రాయము కాదు. 1990లో వెలువడిన వాంకూవరు కొలమానము మచ్చ యెరుపును, రంగును, మెత్తదనమును, ఎత్తును లెక్కించును. ప్రపంచమంతట వైద్యులు దానిని వాడుచున్నారు. కాని అందు నొప్పికి గాని దురదకు గాని స్థానము లేదు, రోగి మాటకు అసలే లేదు. 2004లో వచ్చిన పోసాస్ కొలమానము రోగి యభిప్రాయమునకును చోటిచ్చినది. మా వృత్తి నడువవలసిన దిక్కు అదియేనని నేను దృఢముగా నమ్ముచున్నాను.

లేజరు మచ్చను తుడిచివేయదు; అట్లు ఆశ పెట్టుట రోగికి ద్రోహము. గట్టిగా అతుకుకొనిపోయిన కీలును విడిపించుటకు శస్త్రచికిత్సయే శరణ్యము. బిడ్డ యెదుగుచున్నను మచ్చ తగినంతగా యెదుగదు గనుక, విడిపించిన కీలు మరల పట్టుకొనవచ్చును. అట్టి బిడ్డలను ఎదుగుదల ముగియు వరకు చూచుచుండవలెను. అయితే దినకూలి మానుకొని, రెండు బస్సులు మారి, నెలనెల వచ్చుట ఎందరికి సాధ్యము? ప్రాణము నిలుపుటకు వ్యయము చేయు ప్రభుత్వములు, నిలిచిన ప్రాణము తన పని తాను చేసికొనుటకు కావలసిన వ్యయమును సయితము కాలిన గాయముల చికిత్సలోనే లెక్కింపవలెను. జిల్లా ఆస్పత్రులలో శిక్షణ గల ఫిజియోథెరపిస్టును, ప్రెషర్ గార్మెంటులు కుట్టు దర్జీని నియమింపవలెను. డిశ్చార్జి కాగితము మీద మందుల పేర్లతో పాటు మొదటి ఫిజియోథెరపీ తేదీని వ్రాసి యిచ్చుటకు ఎవరి మంజూరును అక్కరలేదు. మీ యింటనో, పొరుగింటనో గాయము మాని వచ్చినవారున్నచో, మచ్చ యెంత తగ్గినదని అడుగకుడు. చేయి యెంత వరకు లేచుచున్నదని అడిగి, లేవకున్నచో ఈ వారమే ఆస్పత్రికి తోడు వెళ్ళుడు.